లెక్కల చదువు, అల్లుడి నౌకరి

నా చదువు నాలుగో తరగతితోనే ఆగిపోయింది. బస్సు బోర్డు చదవడానికి, పింఛను కాగితం మీద సంతకం పెట్టడానికి అది సరిపోయింది. అయినా పోయిన వారం మా ఇంట్లో మనవరాలి చదువు మీద పంచాయతీ వస్తే అందరూ తిరిగి నా ముఖమే చూశారు. మనవరాలు హారిక ఇంటర్ అయిపోయింది, మార్కులు బాగా వచ్చాయి. సంగారెడ్డి కాలేజీలో లెక్కలు తీసుకుని డిగ్రీ చదువుతానని, ఆ తర్వాత ఎమ్మెస్సీ చేస్తానని దాని పట్టుదల. మా కొడుకు రమేశ్ పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. వాడికి బిడ్డ కంప్యూటర్ ఇంజనీరింగ్ చదవాలని. ముందు వరండాలో చాయ్ తాగుతూ వాడు వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. డిగ్రీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు, టీచరు కావాలంటే బీఈడీ ఇంకో రెండేళ్లు. ఏడేళ్ల తర్వాత కూడా చేతికి వచ్చేదేమిటో ఎవరికీ తెలియదు. తన కంపెనీ ప్యాకింగులో ఎమ్మెస్సీ చదివిన పిల్లలు డబ్బాల మీద చీటీలు అంటిస్తున్నారని కూడా చెప్పాడు.  చివరకు వాడు, "ఎక్కడనో ఎందుకు, మన సత్తి మామను సూడు. లెక్కల్ల ఎమ్మెస్సీ. ఇప్పటిదాంక కిరాయి ఇంట్లనే ఉన్నడు. మా నాయిన పది ఫెయిలు, ఇల్లు కట్టిండు," అన్నాడు.

సత్తి అంటే సత్యనారాయణ, నా తమ్ముడు. నాకంటే ఆరేళ్లు చిన్న. హారిక లేచి వచ్చింది. నా పక్కన నేల మీద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసి, "నానమ్మా, నువ్వు చెప్పు. సత్తి తాతను నువ్వు దగ్గరుండి చూసినవ్ గదా. నన్నేం చెయ్యమంటవ్?" అంది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. సరిగ్గా ఈ మాటే నన్ను ఇంకొకరు అడిగి నలభై ఏళ్లు దాటింది. అప్పుడు నేను చెప్పిన జవాబు సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, పోయిన మా ఆయనకు కూడా తెలియదు. కాలేజీల పేర్లు ఫోనులో పెట్టడానికి ఇంకా నాలుగు రోజులు గడువు ఉందని విని, రెండు రోజులు ఆగమ్మా అని లేచి లోపలికి పోయాను. మోకాళ్లు నొప్పి అని చెప్పి పడుకున్నాను. నొప్పి మోకాళ్లది కాదు.

అప్పటి మా ఇల్లు ఇప్పుడున్న చోటే ఉండేది, కానీ మట్టి గోడలు, పైన పెంకులు. ఇంద్రేశంలో అప్పుడు సందుల్లో ఎడ్లబండ్ల చక్రాల జాడలు తప్ప ఇంకేమీ లేవు. పొద్దున లేస్తే ఇంట్లో మొదట వచ్చే వాసన పేడ అలుకుది, తర్వాత పొయ్యి పొగది, ఆ తర్వాత పెంక మీద కాలే జొన్న రొట్టెది. అమ్మ రొట్టెలు కొట్టే బండ పక్కన సత్తి గొంతుక్కూర్చునేవాడు. ఆకలితో కాదు. బండ మీద పరిచిన పిండిలో వేలితో లెక్కలు వేసేవాడు. అమ్మ ముద్ద పెట్టి తట్టేసరికి వాడి లెక్క రొట్టె కిందకు పోయేది. వాడు మళ్లీ పక్కన మొదలుపెట్టేవాడు. తినే పిండి మీద రాతలేందిరా అని అమ్మ మణికట్టు మీద ఒకటి వేసేది గాని, వాడు లేవకముందు పిండి దులిపేది కాదు. మా నాయన కల్లంలో మానికతో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. లాభం, రెండు, మూడు అని కొలిచేవాడు. ఊళ్లో అందరూ అట్లాగే కొలిచేవాళ్లు. సత్తి బడికి పోయిన మొదటి రోజు పంతులు అంకెలు చెప్పమంటే వీడు లాభం, రెండు, మూడు అన్నాడట. క్లాసంతా నవ్విందని ఇంటికి వచ్చి ఏడ్చాడు. నాయన మాత్రం ఆ మాట పదిమందికి చెప్పుకుని మురిశాడు. నాయనకు సంతకం కూడా రాదు.

నన్ను మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. సత్తి చిన్నవాడు, నాయనకు నడుము పట్టేసింది, నాగలి పట్టే మగమనిషి ఇంట్లో లేడు. అందుకని మా ఆయనను ఇల్లరికం తెచ్చుకున్నారు. ఆయన మాట తక్కువ మనిషి, పని రాక్షసుడు. ఇల్లరికం అల్లుడికి ఊళ్లో ఎప్పుడూ ఒక సగం నవ్వు ఎదురవుతుంది. ఆయన దాన్ని విననట్టు ఉండేవాడు. అంతా బాగానే ఉందనుకునే వేళకు మా ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుందన్నారు. తూర్పు దిక్కున ఉన్న మా మూడెకరాలు అందులో పోతాయన్నారు. జీపులు, గొలుసులు, ఎర్ర జెండాలు వచ్చాయి. వాగు పక్కన మా చేను చిరిగిన పాతగుడ్డలాగా ఏ వైపూ తిన్నగా ఉండేది కాదు. కొలిచిన మనిషి మూడు వైపులా గొలుసు లాగి, వాగు వైపు ముళ్లపొదలు చూసి వెనక్కి తిరిగి, ఒక అంకె రాసుకుని పోయాడు. సత్తి అప్పుడే డిగ్రీలో చేరాడు. ఆదివారం ఎడ్ల పగ్గం తీసుకుపోయి, దానికి జానకో ముడి వేసి, పొదల్లో దూరి చేనంతా కొలిచాడు. ఇంటికొచ్చి పొయ్యిలోని బూడిద వాకిట్లో పరిచి చేను బొమ్మ గీశాడు. దాన్ని మూడు మూలల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు లెక్క కట్టాడు. తొమ్మిది గుంటలు, అంటే పావు ఎకరం దాకా, తక్కువ రాశారని తేల్చాడు.

నాయన వాణ్ని వెంటబెట్టుకుని అధికారులు దిగిన బడి దగ్గరికి పోయాడు. పిలగాడు చెప్తే మళ్లీ కొలుస్తామా అని వాళ్లు మొదట నవ్వారట. సత్తి నల్లబల్ల మీద చేను గీసి చూపించేసరికి పెద్దసారు లేచి వచ్చి నిలబడ్డాడట. మర్నాడు మళ్లీ గొలుసు వేస్తే ఎనిమిదిన్నర గుంటలు ఎక్కువ తేలాయి. ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. ఎవరి చేను వాళ్లు కొలిపించుకుంటామని సత్తి చేతులు పట్టుకున్నారు. వాడు మాత్రం ఆ పోయిన అర గుంట ఎక్కడికి పోయిందని వారం రోజులు అన్నం సరిగా తినలేదు. పగ్గం తడిసి కురచయిందని చివరకు తేల్చుకుని అప్పుడు నవ్వాడు. నాయన ఆ రోజు నుంచి మారిపోయాడు. నా కొడుకు లెక్చరర్ అయితడని కనిపించినవాడికల్లా చెప్పడం మొదలుపెట్టాడు. లెక్కల చదువు మా ఇంటికి సంపాదించిపెట్టింది ఆ ఎనిమిదిన్నర గుంటలే. తర్వాత పోయిందంతా ఆ గర్వం మీదే పోయింది.

కొన్ని నెలలకు ఇంకో కబురు వచ్చింది. భూమి పోయిన ఇంటికి ఒక నౌకరి. ఇంట్లో ఒక్కరి పేరు రాయించుకోవాలి, కొడుకైనా, ఇంట్లో ఉంటున్న అల్లుడైనా సరే. ఒకసారి పేరు రాస్తే మళ్లీ మార్చరు. ఊళ్లో ఎవరూ ఆలోచించలేదు. కొడుకులున్నవాళ్లంతా కొడుకుల పేర్లే సిద్ధం చేసుకున్నారు, మీసాలు రాని వాళ్లతో సహా. మా ఇంట్లో మాత్రం మాట తేలలేదు. నాయన చెప్పలేదు, అమ్మ అడగలేదు. మా ఆయన దున్నడానికి చేను లేక, పొద్దంతా కొడవలి నూరుతూ అరుగు మీద కూర్చునేవాడు. కోయడానికి ఏమీ లేని కొడవలి అది. నాకు అప్పుడు రమేశ్ కడుపులో ఐదో నెల.

పేర్లు రాసే ముందురోజు శనివారం. సత్తి మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. నేను వెనక వాకిలి అలుకుతున్నాను. వాడు పుస్తకాలు గూట్లో పెట్టి వచ్చి, అలుకు తడి అంటకుండా గోడవారన కూర్చున్నాడు. కాసేపు కాలేజీ సంగతులేవో చెప్పాడు. తర్వాత, "అక్కా, నౌకరి నా పేరు మీద రాయించుకుంటే ఏమైతది? డ్యూటీ చేసుకుంట ప్రైవేటుగ సదువుకోవచ్చు అంటున్నరు. నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు. నా చెయ్యి అలుకు మీద ఆగిపోయింది. అరుగు మీద కొడవలి నూరే చప్పుడు ఇక్కడికి వినపడుతోంది. నేను తలెత్తకుండా, "నీకొచ్చిన లెక్కలు ఈ సుట్టుపక్కల ఎవలికొచ్చినయ్ రా. సార్లే నీ ముందట లేసి నిలవడిరి. గసొంటి విద్యను మిషిన్ కాడ పారేస్తవా? సదువుకో," అన్నాను. వాడు నన్ను కాసేపు చూసి, అట్లంటవా అని లేచిపోయాడు. సాయంత్రం నాయనతో నౌకరి బావకు రాయించమని వాడే చెప్పాడు. మర్నాడు ఊరందరిలో అల్లుడి పేరు రాయించింది మా నాయన ఒక్కడే. కొడుకును పక్కనపెట్టి అల్లునికిచ్చిన పిచ్చోడని తిరిగివచ్చే దారిలోనే అన్నారు. నాయన పంచె ఎగ్గట్టుకుని ఠీవిగా నడిచి వచ్చాడు.

నేనన్న మాటలో ఒక్కటీ అబద్ధం కాదు. వాడికి లెక్కలు వచ్చిన మాట నిజం, సార్లు నిలబడ్డ మాట నిజం. కానీ ఆ నిజాలన్నీ నేను నా మొగుడికి నౌకరి కోసం వాడుకున్నాను. వాడి మేలు కోరి చెప్పినట్టు చెప్పి నా మేలు చూసుకున్నాను. ఇది ఇంతకాలం నా లోపలే ఉంది. పండుగకు తమ్ముడికి కొత్త చొక్కా కొన్నప్పుడల్లా, వాడు వద్దంటున్నా గిన్నెలో ఇంకో గరిటె వేసినప్పుడల్లా, నేను పెడుతున్నది ప్రేమా బాకీయా అని నాకే తెలిసేది కాదు.

ఆ తర్వాత మా బతుకు గాడిన పడింది. మా ఆయన పొద్దున సైరన్‌కు ముందే సద్ది గిన్నె పట్టుకుని సైకిల్ ఎక్కేవాడు. ఖాకీ బట్టలు ఎంత ఉతికినా మిషిన్ నూనె వాసన పోయేది కాదు. పండుగలకు క్యాంటీన్ మిఠాయి పెట్టె వచ్చేది. మందులు, ఆస్పత్రి అన్నీ కంపెనీవే. ఏళ్లు గడిచి పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లు లేచింది. ఆయన కుడి చెవి మెల్లగా పోయింది, మిషిన్ వైపు ఉండే చెవి. ఏదైనా చెప్పాలంటే నేను ఎడమ వైపుకు వచ్చి చెప్పేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లు చేశాడు. రిటైరైన రోజు దండ వేయించుకుని వచ్చి, మంచం మీద కూర్చుని, ఇక రేపు పొద్దున ఏం చెయ్యాలె అని అడిగాడు. మా మంచి రోజులన్నీ ఆ కాగితం మీద రాసిన పేరు నుంచి వచ్చినవే.

సత్తి ఎమ్మెస్సీకి పట్నం పోయాడు. గది కిరాయి, మెస్సు, పుస్తకాలు అని నాయన రోడ్డు పక్కన బీడుగా మిగిలిన ఎకరం అమ్మేశాడు. ఇప్పుడు ఆ ఎకరంలో రంగు రాళ్లు పాతి, పెద్ద కమాను కట్టి ప్లాట్లు చేశారు. అటు పోయినప్పుడల్లా మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఎకరం మింగిన లెక్కలు అని ఒక మాట విసురుతారు. ఎమ్మెస్సీ అయ్యాక సర్కారు కొలువులకు పిలుపు రాలేదు. వచ్చిన ఒకసారి కోర్టులో ఆగింది. మళ్లీ వచ్చేసరికి వాడి వయసు దాటింది. బీఈడీ చేసి ఉంటే బళ్లో పంతులైనా అయ్యేవాడు, లెక్చరర్ కావాల్సినవాడికి బీఈడీ ఎందుకని నాయన చెయ్యనివ్వలేదు. నాయనకు ఆ తేడా ఏం తెలుసు? వాడికి చెప్పేవాళ్లు ఎవరున్నారు? చివరకు ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. జీతం మా ఆయన జీతంలో మూడో వంతు. అదీ ఎండాకాలం ఊరికే రాదు, ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్పిస్తేనే వస్తుంది.

రమేశ్ పది పాసైన ఎండాకాలం సత్తి మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే కాదు, వెంట కాలేజీ కుర్ర సార్లు ఇద్దరు. ఎప్పుడూ వచ్చీరాగానే వంటింట్లోకి వచ్చి ఉట్టి మీద ఏముందని చూసేవాడు, ఆ రోజు గడప దగ్గర బూట్లు విప్పి, కుర్చీలో అంచున కూర్చున్నాడు. చంకలో ఫైలు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. మా ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. సత్తి ఆయనకు రంగు కాగితం ఇచ్చి, మా కాలేజీలో అనుభవం గల అధ్యాపకులున్నారు సార్ అని మొదలుపెట్టాడు. మా ఆయన ఎడమ చెవి అటు తిప్పి, "ఏందిరా సత్తి, నన్ను గూడ సార్ అంటున్నవ్?" అని నవ్వాడు. కుర్ర సార్లు కూడా నవ్వారు. సత్తి నవ్వలేదు. కాగితం మీద ఉన్నదంతా చివరి దాకా చెప్పాడు. పోయేటప్పుడు మంచినీళ్ల చెంబు ఇవ్వడానికి వెనక్కి వచ్చి, "పది మందిని తేవాలక్కా. ఆరుగురే అయిండ్రు," అన్నాడు మెల్లగా. నేను మా ఆయనకు చెప్పాను. వాడి కాలేజీలో ఫ్యాన్లు కూడా తిరగవని, రమేశ్‌ను డిప్లొమాలో వేస్తానని ఆయన అన్నాడు. ఆయన అన్నది సబబే. నేను ఇంకో మాట ఆడలేదు. ఆ ఎండాకాలం సత్తికి రెండు నెలల జీతం రాలేదని తర్వాత మరదలు, వాడి పెళ్లాం, చెప్పింది. పెద్ద పెద్ద కాలేజీలు వచ్చాక ఆ చిన్న కాలేజీ మూతపడింది. అప్పటి నుంచి ఇస్నాపూర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని ట్యూషన్లు చెబుతున్నాడు. మరదలు బట్టలు కుడుతుంది.

ఇవన్నీ ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? రెండు రోజులు ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. హారికకు చదువుకోమని చెప్పినా, వద్దని చెప్పినా నా నోటి మాట మీద నాకే నమ్మకం లేదు. బుధవారం సాయంత్రం దాన్ని తీసుకుని ఆటోలో ఇస్నాపూర్ పోయాను. సత్తి ఉండే సందు నిండా ఫ్యాక్టరీ పనివాళ్ల గదులే. వాడి గుమ్మం ముందు చిన్న చిన్న చెప్పులు చాలా ఉన్నాయి. లోపల బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు హిందీలో ఎక్కాలు చదువుతున్నారు. వాడు గోడకు ఆనుకుని, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ఒక్కొక్కరి పలకా దిద్దుతున్నాడు. మమ్మల్ని చూసి పిల్లలను పంపించేశాడు. పోతూ పోతూ ఒక పిల్ల రేపొస్తానని మగపిల్లాడి మాటలో కల్ ఆతా హూఁ సార్ అంటే, ఆతీ హూఁ అని దిద్ది నవ్వాడు.

నేను సంగతి చెప్పాను. రమేశ్ తననే ఉదాహరణ చూపించాడన్న మాట దాచాలనుకున్నాను, హారిక చెప్పేసింది. సత్తి కోపం తెచ్చుకోలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మీ నాయిన అన్నది నిజమే బిడ్డా. లెక్కలు నాకు తిండి పెట్టలే. పెట్టినయంటే అబద్ధమైతది. ముప్పై ఏండ్లు ఎండల తిరిగిన," అన్నాడు. హారిక ముఖం చిన్నబోయింది. వాడు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "గని నన్ను జూసి వద్దనుకోకు, నన్ను జూసి సదవకు. మెతుకు పట్టి సూసుడు అన్నానికే. మనుషులకు గాదు. ఒక్కన్ని జూసి లెక్క తీసుడు లెక్కనే గాదు," అన్నాడు. తర్వాత ఒక కాగితం తీసుకుని హారికకు ఏవేవో రాసి ఇచ్చాడు. ఇంగ్లీషు వదలొద్దని, కంప్యూటర్ పక్కనే నేర్చుకొమ్మని, పెద్ద యూనివర్సిటీల పరీక్షలు ఏ సంవత్సరం రాయాలో, బీఈడీ ఎవరు వద్దన్నా మానొద్దని. ఇవి నాకు చెప్పినోడు లేకుండె అని మాత్రం అన్నాడు.

అప్పుడు నాకు ఆగలేదు. మనవరాలు ఉందన్న వెరపు కూడా లేకపోయింది. ఆ నౌకరి నీదిరా సత్తి అన్నాను. వాకిలి అలికిన శనివారం సంగతి మొత్తం చెప్పాను. నీ లెక్కల మీద మోజుతో కాదు, ఇంట్లో ఊరికే కూర్చున్న మొగుణ్ని చూసి, కడుపులో ఉన్న పిల్లాణ్ని చూసి చదువుకొమ్మన్నానని చెప్పాను.  హారిక నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

సత్తి నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపాడు. "నాకెరుకనే అక్కా," అన్నాడు. "నేను అడగంగనే నీ చెయ్యి ఆగింది. సూసిన."

"ఎరుకయ్యి ఎందుకు ఊకున్నవ్ రా మరి?"

"నాకు గూడ గా మాటనే కావాలె. నాయినను అడిగితే గర్వంతోని చెప్తడు, అమ్మను అడిగితే భయంతోని చెప్తది. నువ్వైతే సదువుకొమ్మనే అంటవని నిన్నడిగిన. బావకు నౌకరి కావాలని నాకు తెల్వదా?" వాడు తల దించుకుని పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "బావ ఇరవై ఎనిమిదేండ్లు గా మిషిన్ ముందట నిలవడ్డడు. చెవి ఇచ్చిండు. నేనైతే రెండేండ్లు గూడ నిలవడకపోదును. కాగితం మీద నా పేరు ఉండేదేమో. నౌకరి మాత్రం బావదే. ఇంకెవలకన్న గిట్ల చెప్పి ఆయన కష్టం పలుచన చెయ్యకు."

ఇన్నేళ్లు మోసిన మూట దించమంటే సంతోషం కలగాలి. నాకు కలగలేదు, అలసట మాత్రం కలిగింది. వాడికి అంతా తెలిసి కూడా ఎండలో ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, మా ఆయనను సార్ అన్నాడు కదా అనిపించింది. క్షమించావా అని అడగలేదు. అడిగితే వాడు క్షమిస్తాడు, అది నాకు ఇంకో బరువు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో హారిక సత్తి రాసిచ్చిన కాగితం మళ్లీ మళ్లీ చదువుకుంది. రోడ్డు పొడుగునా లారీలు, మందుల కంపెనీల ఘాటు వాసన. అప్పట్లో ఊరికి ఒక్క డిగ్రీ ఉంటే జనం ఆగి చూసేవాళ్లు. ఇప్పుడు మా పాత ఎకరం మీది కమాను దగ్గర కాపలా కుర్చీలో కూర్చునే పిల్లవాడు బీకాం చదివాడు. ఇంటికి బిర్యానీ పొట్లం తెచ్చిచ్చే అబ్బాయి ఇంజనీరింగ్ చదివాడు. అప్పుడు చదివినవాడు ఒంటరి, ఇప్పుడు చదివినవాళ్లు గుంపు. ఏ కాలం మేలని నన్నడిగితే చెప్పలేను. ఇంద్రేశం మలుపు తిరిగాక హారిక, "నానమ్మా, ఇంక చెప్పు. నన్నేం చెయ్యమంటవ్?" అంది.

"నన్నే ఎందుకు అడుగుతున్నవ్? మీ నాయినను అడుగరాదు?" అన్నాను. అది తల తిప్పుకుని బయటికి చూసింది. దొరికిపోయిన దొంగలాగా కొంచెం నవ్వింది కూడా. నాకు అర్థమైంది, ఇది కూడా సత్తిలాగే చదువుకొమ్మనే మనిషిని ఎంచుకునే అడిగింది.

"ఈసారి నీ సదువు తోని నాకు వచ్చేది లేదు, పోయేది లేదు," అన్నాను. "అందుకే చెప్తున్న. సదువుకో. కని నీ సదువుకు అయ్యే ఖర్సు నువ్వొక్కదానివే కట్టవు. ఇంట్ల ఎవలో ఒకలు కడ్తరు. డబ్బులే అని గాదు. వాళ్ల మొఖం సూస్తుండు."

ఇంటికి వచ్చాక, ఇంకెవరికీ చెప్పొద్దన్న సత్తి మాట పక్కనపెట్టి రమేశ్‌కు అంతా చెప్పాను. వాడి తండ్రి కష్టం తక్కువ చేయకుండా ఎట్లా చెప్పాలో అట్లాగే చెప్పాను. వాడు ఇన్నేళ్లూ మామను చూపి లెక్క చెబుతున్నాడు. ఆ లెక్కలో తాను పుట్టి పెరిగిన ఇల్లు ఏ వైపు రాయాలో వాడికి తెలియాలి కదా. వాడు విన్నాడు.  గోడలు, స్లాబు, మెట్లు అన్నీ ఒకసారి చూసి పైకి పోయాడు. కోడలు భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

గడువు శుక్రవారంతో అయిపోయింది. ఆ మధ్యాహ్నం రమేశ్ రెండో షిఫ్టుకు బట్టలు వేసుకుని మెట్లు దిగాడు. హారిక వరండాలో కూర్చుని, తల్లి ఫోనులో కాలేజీ పేరు పెట్టి, చివరి బొత్తాం దగ్గర ఆగి ఉంది. అది నొక్కితే ఇంటిపెద్ద ఫోనుకు ఆరు అంకెలు వస్తాయట. అవి తిరిగి ఇందులో వేస్తేనే అప్లికేషన్ పోతుందట. నాకు ఈ ఏర్పాటు నచ్చింది. సత్తి రోజుల్లో ఇట్లాంటిది లేదు. హారిక నొక్కగానే రమేశ్ జేబులో ఫోను చిన్నగా మోగింది. వాడు తీసి చూశాడు, చాలాసేపు చూశాడు. ఆ అంకెలకు ఎక్కువసేపు ప్రాణం ఉండదని కోడలు గొణిగింది. హారిక అడగలేదు, తండ్రి ముఖమే చూస్తోంది. నేను చెప్పినట్టే చూస్తోంది. వాడి కళ్ల కింద రాత్రి డ్యూటీల నలుపు, మెడ దగ్గర కంపెనీ పొడికి లేచిన దద్దులు, అన్నీ చూస్తోంది.

రమేశ్ ఒక్కో అంకె విడదీసి చదివాడు. తప్పు పోకుండా రెండుసార్లు చదివాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, బండి తాళాల కోసం వెతుక్కుంటూ, సంగారెడ్డి బస్సు మన దిక్కుకు పొద్దున ఎన్నింటికి వస్తది అని అడిగాడు.